పదకొండు నీటికుక్కలకు రెండు మరుగుదొడ్లు

కొత్తమొగ శుభ్రమైన ఊరని సర్కారు వారు కాగితం మీద రాసివ్వాలంటే వరసగా నూట ఎనభై తెల్లవారుజాములు ఆ ఊరి పాయ గట్టున ఎవరూ కూర్చోకూడదు. నూట డెబ్బై రెండు గడిచాయి. నూట డెబ్బై మూడోనాడు పెమ్మాడి పోతురాజు కూర్చున్నాడు.

కూర్చున్న మాట నిజమే. గొంతుక్కూర్చున్నాడన్నదీ నిజమే. తుంగ దుబ్బు చాటున, మసక వెలుతురులో, లుంగీ మోకాళ్ళ పైకి ఎగదోపుకుని, ఊపిరి బిగబట్టి మరీ కూర్చున్నాడు. చూసినవాడు ఏమనుకోవాలో అదే అనుకునేట్టు కూర్చున్నాడు. కాకపోతే కంటికి కెమెరా ఆనించుకుని ఉన్నాడు. పక్షుల కోసం టౌను నుంచి వచ్చే పశువుల డాక్టరొకాయన కొత్తది కొనుక్కుని పాతది అతని చేతిలో పెట్టి పోయాడు. పీతల వలలు వేసుకుని బతికే మనిషికి ఏభై రెండో ఏట పట్టిన పిచ్చి అది.

ఎదురుగా పదడుగుల దూరంలో నీటికుక్కలు. ఒక్కొక్కటే నీళ్ళలోంచి బుర్ర పైకెత్తి, మీసాలు విదిలించి, గట్టెక్కి ఇసకలో పొర్లాయి. ఒళ్ళు ఆరాక అన్నీ కలిసి ఒకే దిబ్బ మీదికి పోయి తోకలెత్తాయి. నీటికుక్కల ఆచారం అది. ఎక్కడ పడితే అక్కడ పోవు. తాతల నాటి నుంచీ ఒకటే చోటు, ఒకటే వేళ. ఊళ్ళో మిగతా పల్లెకారులు వలలు చింపుతున్నాయని వాటిని తిట్టిపోసేవాళ్ళు. పోతురాజు మాత్రం, వల చిరిగితే కుట్టుకోవచ్చు, అవి పాయ విడిచి పోయిననాడు చేపా ఉండదు అనుకునే రకం.

ఆ రోజు మొదటిసారి పిల్లలు బయటికొచ్చాయి. రెండు. తల్లి ఒకదాని మెడ పట్టుకుని నీళ్ళలోకి ఈడుస్తోంది. అది రానని ఏడుస్తోంది. పోతురాజు వేలు మీట మీదికి పోయింది.

పీఁ... అని ఈల మోగింది. పదకొండూ ఒక్క దెబ్బకి నీళ్ళలో మాయమైపోయాయి.

"లే! లే! అయిపోయిందా, ఇంకా ఉందా?"

"మాటాడకండి బాబూ, పిల్లలొచ్చాయి," అన్నాడు పోతురాజు, వెనక్కి తిరక్కుండానే.

"సిగ్గులేకపోతే సరి! పిల్లల్ని కూడా తెచ్చావా?"

అది ఉషోదయ నిఘా దళం. దానికి నాయకుడు గ్రామ పారిశుద్ధ్య కార్యదర్శి భానోజీ. పాతికేళ్ళవాడు, పచ్చ కోటు, మెళ్ళో ఈల, చేతిలో ఫోను. పోతురాజు లేచి నిలబడేలోపే అతన్ని వెనక నుంచొకటి, పక్క నుంచొకటి ఫోటోలు తీశాడు. ఆ తర్వాత దిబ్బ దగ్గరికి పోయి, ముక్కు మూసుకుని అక్కడున్న వాటిని ఒక్కొక్కటిగా తీశాడు. అక్కడే నిలబడి నివేదిక రాసేశాడు:

"ఉదయం 5.41 గంటలకు పాయ గట్టున సదరు పోతురాజు గొంతుక్కూర్చుని యుండగా పట్టుబడినాడు. సదరు వ్యక్తికి పది అడుగుల దూరమున తాజా నిదర్శనములు పదకొండు చోట్ల కనుగొనబడినవి. చెంబు ఉండవలసిన చేత కెమెరా యుండుట గమనించడమైనది. ఒక్క వ్యక్తి పదకొండు చోట్ల ఏ విధముగా అన్నది పై అధికారుల పరిశీలనకు వదిలివేయడమైనది."

పై అధికారులు పరిశీలించలేదు. పై అధికారులకు ఫోటో చాలు. మూడోనాటికి సచివాలయం గోడకి ఆరడుగుల ఫ్లెక్సీ వెలిసింది. మధ్యలో పోతురాజు వీపు, ఎగదోపిన లుంగీ, పక్కకి తిరిగిన మొహం. పైన ఎర్ర అక్షరాల్లో "మన ఊరికి మచ్చ ఇతడే". కింద, తండ్రి పేరుతో సహా ఇంటి నంబరు.

అతని పెళ్ళాం ఆదెమ్మ ఆ పూట చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పక్క ఊరి సంతకి పోయింది. బుట్ట దించకుండానే తిరిగొచ్చింది.

"ఏవయ్యా," అంది, మొగుడి ఎదురుగా నడుం మీద చెయ్యేసి నిలబడి. "ఊళ్ళో అందరికంటే ముందు దొడ్డి కట్టించింది ఎవురు?"

"నువ్వే."

"దానికి గచ్చు సేయించింది ఎవురు? పెద్ద ఆఫీసరొత్తే ఇదిగో ఈయమ్మని సూసి నేర్సుకోండని ఎవుర్ని సూపించారు?"

"నిన్నే. ఎందుకే ఇప్పుడదంతా?"

"ఎందుకా! సంతలో ఆ వెంకాయమ్మ నా చేపలు ముట్టుకోలేదు. నీ మొగుడు సెయ్యి కడుక్కుంటాడా అనడిగింది. నలుగురూ నవ్వారు. నువ్వు నీటికుక్కల్ని సూత్తన్నావో, నీటి ఏనుగుల్ని సూత్తన్నావో నాకు తెలీదు. ఆ బొమ్మ గోడ మీంచి దిగాలి. అది దిగేదాకా నా నెత్తి మీదికి ఈ బుట్ట ఎక్కదు."

ఎక్కలేదు కూడా. ముప్పై ఏళ్ళలో పురుళ్ళకి తప్ప సంత మానని మనిషి అరుగు మీద కూర్చుండిపోయింది. పోతురాజు ఫోటోలు కడిగించుకుని, దిబ్బ మీది నిదర్శనాన్నొకదాన్ని ఎండబెట్టి పొట్లం కట్టుకుని, మండల కేంద్రానికి పోయాడు.

ప్రత్యేకాధికారి పరాంకుశం గారు నిండైన మనిషి. మాటలు కూడా నిండుగానే వచ్చేవి. ఫోటోలన్నీ బల్ల మీద పరిపించుకుని, కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ చూశారు. ఒక ఫోటోలో అయిదు నీటికుక్కలు వరసగా తోకలెత్తి ఉన్నాయి.

"ఈ జీవులు ఈ కార్యక్రమమును నిత్యమూ నిర్వర్తించుచున్నవా?"

"ఆయ్. రోజూ తెల్లారగట్లేనండి. నాది కాదండి బాబూ, వాటిదేనండి. కావాలంటే ఇది సూడండి." పోతురాజు పొట్లం విప్పాడు. "అన్నీ చేప పొలుసులూ పీత డిప్పలేనండి."

పరాంకుశం గారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, "మనుష్యుడు మాత్రము చేపలు భుజింపడా?" అన్నారు.

"తింటాడండి. పొలుసు తోముకుని తింటాడండి."

ఈ వాదం ఆయనకి నచ్చింది. కాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఫోను తెరిచి అందులో గడులు చూపించారు.

"చూడుము పోతురాజూ. సంఘటన ఒకసారి నమోదైన పిమ్మట దానిని తొలగించు అధికారము నాకే కాదు, నా పైవారికీ లేదు. సంఘటన ఉన్నచో దోషి ఉండవలెను. నీవు కానిచో ఆ జీవులు. సరే. అవి ఆరుబయట ఎందుకు పోవుచున్నవి?"

"అలవాటండి."

"కాదు. మరుగుదొడ్డి లేనందున! మా నిబంధనలలో దీనికి మరియొక కారణము లేదు. మరుగుదొడ్డి లేని ప్రతి కుటుంబమునకు మరుగుదొడ్డి నిర్మించి ఇవ్వవలెనని ఉన్నది. మనుష్య కుటుంబమునకే అని ఎక్కడా లేదు. నేను మూడుసార్లు చదివితిని."

"మరి నా బొమ్మండి?"

"అవి మరుగుదొడ్డిని వినియోగించుచున్నట్లు ఛాయాచిత్రము వచ్చిన దినముననే నీ ఛాయాచిత్రము దిగును."

బొమ్మకి బొమ్మ. లెక్క తేలిగ్గానే ఉందనిపించింది పోతురాజుకి. ఇంటికొచ్చి చెపితే ఆదెమ్మ నోటి మీద చెంగు అడ్డం పెట్టుకుంది. "కుక్కలకి దొడ్లా! దీనికి సదువుకున్నారా ఆళ్ళు?" అంది. అయినా ఆ రాత్రి ఫ్లెక్సీ వచ్చాక మొదటిసారి మొగుడికి పక్కన కూర్చుని అన్నం వడ్డించింది.

మర్నాటి నుంచి కుటుంబ సర్వే మొదలైంది. భానోజీ ఈల వేసుకుంటూ వచ్చేసరికి నీటికుక్కలు మునిగిపోయేవి. దాంతో అతనికి ఒక్కటీ కనబడలేదు. పోతురాజు తీసిన ఫోటోలు ముందేసుకుని గడులు నింపాడు.

"కుటుంబ పెద్ద ఎవరు?"

"ఆడదేనండి. మగాయి దాని ఎనకాల తిరుగుతాయండి."

"బెస్టు. మహిళ పేరు మీదే మంజూరు. పేరు?"

"నీటికుక్కకి పేరేంటండి?"

"ఖాళీ వదిలితే ముందుకి పోదయ్యా."

పోతురాజు పాయ వంక చూసి, "గంగమ్మ అని ఏసుకోండి," అన్నాడు.

భర్త పేరు దగ్గర బండి మళ్ళీ ఆగింది. తల్లి వెనక తిరిగేవి మూడు మగవి. అందులో ఏది అన్నది పోతురాజు చెప్పలేకపోయాడు. భానోజీ ఎర్రబడి "వితంతువు" అని రాశాడు. దాంతో గంగమ్మకి ప్రాధాన్యత క్రమంలో చాలా పైన స్థానం దొరికింది. పదకొండింటినీ రెండు కుటుంబాలు చేస్తే ఒకటి మిగిలింది. చెవి తెగిన ముసలి మగది. ఒంటరి పురుషులకు అర్హత లేదు కాబట్టి దాన్ని పక్క కుటుంబానికి అతిథిగా చూపించారు.

కట్టడానికి ముందు లబ్ధిదారులకు అవగాహన సదస్సు జరపాలన్నది నియమం. పాయ గట్టున షామియానా వేశారు. మైకు పెట్టారు. చేతులు కడుక్కునే ఏడు పద్ధతులూ బొమ్మల అట్టల మీద వేలాడదీశారు. లబ్ధిదారులు రాలేదు. హాజరు పట్టీ ఖాళీగా పోకూడదని డ్వాక్రా ఆడవాళ్ళని తోలుకొచ్చి నీటికుక్కల తరఫున కూర్చోబెట్టారు. వరసలో ముందు ఆదెమ్మ. నీటికుక్కల తరఫున ఆమె చేత ప్రతిజ్ఞ చేయించారు. "నేను, నా పిల్లలు, ఇకపై ఆరుబయట..." అని చెప్పించేటప్పుడు ఆమె మొగుడి వైపు చూసిన చూపుకి పోతురాజు కెమెరా దించుకుని తుంగలోకి పోయాడు.

తుంగ కూడా ఎన్నాళ్ళో లేదు. పొక్లెయినొచ్చి దుబ్బులన్నీ పీకి, దిబ్బ చదును చేసింది. గట్టు కింద వేళ్ళ సందుల్లో నీటికుక్కలు కాపురముండే బొరియల మీద కాంక్రీటు పడింది. "అరే, వాటి ఇల్లది బాబూ, అది పూడ్సేత్తే అవెక్కడుంటాయి?" అని పోతురాజు బండికి అడ్డం పోయాడు. "ఇల్లు వేరే పథకం పోతురాజూ, మాది మరుగుదొడ్డి వరకే," అన్నాడు భానోజీ, ఎంతో ఓపిగ్గా.

రెండు గదులు లేచాయి. తెల్ల పలకలు, నీలం తలుపులు, చెయ్యి కడుక్కునే తొట్టి, ఎక్కడానికి వాలు మెట్టు. తలుపుల మీద చీర కట్టుకున్న నీటికుక్క బొమ్మొకటి, తలపాగా చుట్టుకున్న నీటికుక్క బొమ్మొకటి. గడియ మనిషి ఛాతీ ఎత్తున బిగించారు.

"అందదండి," అన్నాడు పోతురాజు.

గడియ కిందికి దించడానికి పై నుంచి సవరణ ఉత్తర్వు రావాలి. అది వచ్చేదాకా తలుపు ఓరగా వేసి ఫోటో తీయవచ్చునని పరాంకుశం గారు తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. పూర్తిగా తీసి ఉంచితే మాత్రం లబ్ధిదారు మానమర్యాదలకు భంగం అని అడ్డుచెప్పారు.

ఇక ఫోటో ఒక్కటే మిగిలింది. పోతురాజుని వినియోగ ఛాయాగ్రాహకుడిగా నియమించి మెళ్ళో అట్ట బిళ్ళ వేశారు. రోజూ తెల్లారగట్ల అతనూ, ఉషోదయ నిఘా దళమూ ఆ రెండు గదుల ముందు గొంతుక్కూర్చునేవాళ్ళు. ఈసారి గొంతుక్కూర్చోవడం విధి నిర్వహణ కింద వచ్చింది. నీటికుక్కలు రాలేదు. లోపల చేపలు పెడితే కాకులొచ్చాయి. ఎక్కువ పెడితే ఊరకుక్కలొచ్చాయి. ఒకనాడొక ముంగిస లోపలికి పోయింది. భానోజీ ఆశగా, "తోక ఉందిగా, మసగ్గా తీసేద్దామా?" అన్నాడు. పోతురాజు తియ్యలేదు. అబద్ధం ఫోటోతో బొమ్మ దింపుకోవడం అతనికి ఇష్టం లేదు. ఇంకా నిజం ఫోటో దొరుకుతుందన్న ఆశ ఉంది.

పన్నెండోనాడు ఆశ వదిలేసుకుని పొద్దున్నే దోనె వేసుకుని పీతల వలలకి పోయాడు. మడ అడవి లోపల, పెద్ద పడవ దూరని సన్న పాయలో, పోటు మీద దోనె మలుపు తిరిగేసరికి కిచకిచ వినిపించింది. వంగి చూశాడు. బురద గట్టున తొమ్మిది ఉన్నాయి. చెవి తెగిన ముసలిదుంది. గంగమ్మ ఉంది. రెండు పిల్లల్లో ఒక్కటే ఉంది. బొరియ పూడ్చిననాడు రెండోది లోపలే ఉండిపోయిందేమో. పెద్దవాటిలోనూ ఒకటి లెక్కకి తగ్గింది. పోతురాజు వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే. మెళ్ళో కెమెరా ఉందన్న సంగతి కూడా గుర్తు రాలేదు. తెడ్డు చప్పుడు కాకుండా వెనక్కి మళ్ళించాడు.

ఊళ్ళోకి వచ్చేసరికి కబురు కాచుకుని ఉంది. రేపు రాష్ట్ర పరిశీలక బృందం వస్తోంది. ఫోటో లేకపోతే ఊరికి కాగితం లేదు. పరాంకుశం గారు సచివాలయంలో అటవీ బీటు ఆఫీసరుని పక్కన పెట్టుకుని కూర్చున్నారు. గోడ వారగా నాలుగు ఇనప బోనులు.

"లబ్ధిదారులు అనుమతి లేక గ్రామము విడిచి పోయినట్లు తెలియవచ్చినది," అన్నారు పరాంకుశం గారు. "వాటి ప్రస్తుత చిరునామా కనిపెట్టగలవాడు నీవు తప్ప మరియొకడు లేడు. చూపింపుము. పట్టి తెచ్చి, బృందము ఎదుట గదులలో ఛాయాచిత్రము తీయించి, పిమ్మట పదిహేను దినములు అచటనే ఉంచి అలవాటు చేయించెదము."

పోతురాజు బీటు ఆఫీసరు వంక తిరిగాడు. "అడివి జంతువుల్ని పట్టుకోకూడదని మీరేగదండి బోర్డెట్టారు?"

"మనుషులు పట్టుకోకూడదు," అన్నాడాయన. "ఇది శాఖాపరంగా పట్టుకోవడం. పైగా వాటిని వేటగాళ్ళ నుంచి కాపాడమనే చట్టం చెప్పింది. పారిశుద్ధ్యం నుంచి కాపాడమని చెప్పలేదు."

"చూపించిన మరుక్షణమున నీ ఫ్లెక్సీ దింపించెదను," అన్నారు పరాంకుశం గారు. "పైగా జిల్లా స్థాయి ప్రశంసాపత్రము."

ఆ రాత్రి పోతురాజు అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాడు. "రేప్పొద్దున్న దింపేత్తారంటగా?" అంది ఆదెమ్మ. బుట్ట కడిగి బోర్లించి ఉంది.

తెల్లారింది. గట్టు మీద అదే షామియానా, అదే మైకు, ఊరంతా. బృంద నాయకురాలు పెద్దావిడ. కళ్ళ కింద నిద్రలేమి, చేతిలో గడులున్న ఫోను. పరాంకుశం గారు పావుగంట ఉపన్యసించి, "ఈ జీవుల ఆచూకీ ఎరిగిన ఏకైక పౌరుడు" అంటూ పోతురాజుని ముందుకు తోశారు.

పోతురాజు చేతులు కట్టుకున్నాడు. "నీటికుక్కలు లేవండి," అన్నాడు.

"లేవంటే?"

"మన పాయలో అసలెప్పుడూ లేవండి. ఆ ఫోటోలు ఎక్కడియో అండి. ఆ రోజు కూకుంది నేనేనండి."

ఆడవాళ్ళ వరసలో ఆదెమ్మ నిటారుగా లేచి నిలబడింది.

నాయకురాలు ఫోనులో పాత నివేదిక వెతికి పట్టుకుంది. "పదకొండు చోట్ల అని ఉందే?"

"పదకొండు చోట్లాండి. ఆ రోజు పొట్ట బాగోలేదండి."

"ప్రత్యేకాధికారి గారు రాసిన పొలుసులు, డిప్పలు?"

"ఆకలి మీద తోముకోకుండా తినేశానండి."

పరాంకుశం గారి మొహం ముందు నల్లబడింది. వెంటనే, ఏదో లెక్క తేలినట్టు, మెల్లగా వికసించింది. దోషికి పేరుంది. తండ్రి పేరుంది. ఇంటి నంబరుంది. ఇన్నాళ్ళూ మొరాయించిన గడులన్నీ ఒక్కసారి నిండాయి. "ఇంత చిన్న మాట మొదటి దినముననే చెప్పియున్నచో!" అన్నారు, ప్రేమగా.

"ఊళ్ళో ఇంకెవరైనా నీటికుక్కల్ని చూశారా?" అని నాయకురాలు జనాన్ని అడిగింది. చిరిగిన వల భుజాన వేసుకుని నిలబడ్డ నూకయ్య, రోజుకి నాలుగుసార్లు వాటికి శాపనార్థాలు పెట్టే ముసలివాడు, గొంతు సవరించుకున్నాడు. "నీటికుక్కలాండి? అయ్యెలా ఉంటాయండి?" అన్నాడు. తర్వాతెవరూ నోరు మెదపలేదు.

దోషి పశ్చాత్తాపపడ్డాడు కాబట్టి ఊరు గట్టెక్కింది. కాగితం అక్కడికక్కడే ఇచ్చారు. దోషికి మరుగుదొడ్డి లేని కారణంగానే ఇదంతా జరిగిందని నిర్ధారించి, గట్టు మీది రెండు గదులూ పోతురాజు పేరుకి బదలాయించారు. ఇంట్లోదాంతో కలిపి మూడు. బోనులు వచ్చిన బండిలోనే తిరిగి పోయాయి. సాయంత్రానికి పాత ఫ్లెక్సీ దిగింది. దాని స్థానంలో పన్నెండడుగుల కొత్తది ఎక్కింది. "అప్పుడు" అని వీపు, "ఇప్పుడు" అని నీలం తలుపు ముందు చేతులు జోడించిన మొహం. "మారిన మనిషి" అని పైన పచ్చటి అక్షరాలు. దాని ముందు నిలబడి పరాంకుశం గారు కూడా ఒక ఫోటో తీయించుకున్నారు.

"నీకేమైనా దెయ్యం పట్టిందా?" అంది ఆదెమ్మ. గొంతు పెంచకుండా అంది, అదింకా భయం. "ముప్పై ఏళ్ళ కాపరంలో నిన్నొక్క మాట అననివ్వలేదు ఎవుర్నీ. ఊరి ముందర నీ నోటితో నువ్వే..."

"పొద్దున్నే నాతో దోనెక్కు," అన్నాడు పోతురాజు.

ఎక్కనంది. తెల్లారగట్ల ఎక్కింది. దారంతా అతనికి వీపు పెట్టి కూర్చుంది. సన్న పాయ మలుపులో పోతురాజు దోనె మడ వేళ్ళకి కట్టి, బురదలోకి దిగి, చెయ్యందించాడు. ఆమె చెయ్యి అందుకోకుండా చీర ఎగదోపుకుని తానే దిగింది. మడ ఆకుల సందులోంచి చూసింది.

గంగమ్మ పిల్ల మెడ కరిచి పట్టుకుని నీళ్ళలో ముంచి వదిలింది. పిల్ల కాళ్ళు కొట్టుకుని, కుయ్యిమని, గట్టెక్కేసింది. గంగమ్మ మళ్ళీ పట్టుకుని మళ్ళీ ముంచింది. నాలుగోసారి పిల్ల మునగలేదు. చెవి తెగిన ముసలిది ఇదంతా తనకేం పట్టనట్టు పీత డిప్ప నములుతోంది.

ఆదెమ్మ చాలాసేపు చూసింది.

"రెండో పిల్లేది?" అంది చివరికి.

పోతురాజు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఊరున్న వైపు తిరిగి ఒక బూతు మాట అంది. మెల్లగానే అంది గాని పూర్తిగా అంది.

పిల్ల ఈసారి తనంతట తానే నీళ్ళలోకి దూకింది. పోతురాజు ఆపుకోలేక కెమెరా ఎత్తి లేవబోయాడు. ఆదెమ్మ అతని లుంగీ కొస పట్టుకుని కిందికి గుంజింది.

"కూకోవయ్యా బాబూ," అంది, తనూ బురదలో గొంతుక్కూర్చుంటూ. "జడిసిపోతాయి."